ఆరుంబావు నుంచి ఆరుముప్పావు దాకా

జూలై 18, బుధవారం

నిన్న ఉదయం మామూలు ఉదయమే. దాన్ని రాసి పెట్టుకోవాలనిపిస్తోంది.

నాలుగున్నరకు లేచాను. ముఖం కడుక్కుని, నాన్న కుర్చీ పక్కన కాసేపు ప్రార్థించి, కోకో కాచుకున్నాను. మా ఇంటి ముందు తలుపు తీస్తే ఆఫీసు, ఆఫీసు తలుపు తీస్తే రేవు. లైటు వేశాను. వారం కిందట వచ్చిన కొత్త ఫోను నల్లగా, పలచగా బల్ల మీద పడుకుని ఉంది. దానికి నేనింకా అలవాటు పడలేదు. పాత స్విచ్‌బోర్డు మీద గంటకు ముందు చిన్న దీపం వెలిగేది. ఎవరో గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నట్టుండేది. ఇది ఒక్కసారిగా మోగుతుంది.

అయిదుకు ఐసు గది తెరిచారు. పడవలవాళ్లు పెట్టెలు పట్టుకుని వరుసగా నిలబడ్డారు. మా దగ్గర ఐసు తీసుకెళ్లి, పట్టిన చేపలు మాకే అమ్ముతారు. వేటకు వెళ్లే ప్రతి పడవా నాకు చెప్పి వెళ్లాలన్నది నాన్న పెట్టిన పద్ధతి. ఎవరు, ఎటు, ఎప్పటికి తిరిగొస్తారు. పడవ పేరు రాసిన రేకు బిళ్లను గోడ మీది పలకలో ఎడమ మేకుకు తగిలించేదాన్ని. తిరిగి రాగానే కుడి మేకుకు మార్చేదాన్ని. మాంసం డబ్బాల మూతలకు రంగు వేసి ఆ బిళ్లలు నాన్నే చేశాడు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా అదే పని. ఇప్పుడు పలక లేదు. కొత్త ఫోనుల తీగలకోసం గోడ తొలిచినప్పుడు దించి, బీరువా పక్కన మొహం గోడవైపు తిప్పి పెట్టారు. పడవల పట్టిక కంప్యూటర్లోకి వెళ్లింది.

అయిదున్నరకు ఊయిలి వచ్చాడు. ఫాలేతాయి ఊరివాడు. వెంట అతని మామగారు, ముసలి మతౌ. మోకాళ్ల నొప్పులున్న మనిషిని ఎందుకు తిప్పుతున్నావని ఊయిలిని అడిగాను.

“ఇంట్లో ఉంటే మా అమ్మాయి పెపే నాచేత కొబ్బరి కోరిస్తుంది తల్లీ,” అన్నాడు మతౌ. “సముద్రమే నయం.”

“చేపలు పట్టేది నేను, కబుర్లు చెప్పేది ఈయన. ఆ కబుర్లు వినలేకే సగం చేపలు పడవలోకి దూకేస్తాయక్కా,” అన్నాడు ఊయిలి.

సాయంత్రానికల్లా వచ్చేస్తామన్నారు. మతౌ వెళ్తూ వెళ్తూ నా బల్ల మీది కోకో కప్పు ఎత్తి, రెండు గుక్కలు తాగి, మళ్లీ అక్కడే పెట్టేసి పోయాడు. కంప్యూటర్లో రాసుకున్నాను. ఊయిలి, మతౌ. పడమర. సాయంత్రం.

అంతే. మామూలు ఉదయం.

సాయంత్రం ఆరూ ఇరవై రెండుకు ఊయిలి భార్య పెపే ఫోను చేసింది. ఇంజను ఆగిపోయిందని, పడవ పడమరకు కొట్టుకుపోతోందని ఊయిలి తనకు ఫోనులో చెప్పాడట. మాట మధ్యలో ఆ ఫోనూ ఆగిపోయిందట. ఆ కబురు మెసేజ్‌గా కంప్యూటర్లో పడింది. నేను విన్నది ఈ ఉదయం ఎనిమిదీ అయిదుకు. వెంటనే రేవు పోలీసులకు చెప్పాను. వాళ్ల పడవ తొమ్మిదికి బయలుదేరింది. అప్పటికి పద్నాలుగు గంటలు గడిచిపోయాయి.

నిన్న ఏడింటికి చూశాను. మెసేజ్‌లేమీ లేవు.

నా తమ్ముడు సెమిసికి ఈ మాట చెప్పాను. కంపెనీ చూసేది అతనే, ఇంటికి పెద్దా అతనే. అతను అడగకముందే చెప్పాను.

జూలై 19, గురువారం

ఏ కబురూ లేదు. పొద్దున ఒక విమానం వెళ్లింది. మబ్బు పట్టి తిరిగొచ్చింది.

పెపే మూడుసార్లు ఫోను చేసింది. మూడుసార్లూ చెల్లెలు లంగియే ఎత్తింది. నేను అక్కడే ఉన్నాను.

మంగళవారం ఏడింటికి చూశాను. ఏమీ లేదు.

జూలై 20, శుక్రవారం

దొరికారు. చేపల ఓడ ఒకటి చూసి, మధ్యాహ్నానికి తీసుకొచ్చింది.

ఊయిలి బతికే ఉన్నాడు. మతౌ నిన్న మధ్యాహ్నం పోయాడట. ఎండకు. ఊయిలి తన చొక్కా తడిపి ఆయన తల మీద కప్పుతూ ఉన్నాడట. పోయాక కూడా కప్పుతూనే ఉన్నాడట.

రేవు పోలీసు అధికారి ఫోను చేశాడు. తప్పు పట్టే గొంతు కాదు. “మంగళవారం సాయంత్రమే తెలిసుంటే ఆ రాత్రే పట్టేసేవాళ్లం తల్లీ. పగడపు దిబ్బ దాటి అప్పటికి రెండు మైళ్లు కూడా పోలేదు వాళ్లు,” అన్నాడు. థాంక్స్ చెప్పి పెట్టేశాను.

కోకో కప్పు కడగడానికి వెళ్లాను. బుధవారమే కడిగేశానని అక్కడికి వెళ్లాక గుర్తొచ్చింది.

జూలై 21, శనివారం

రోపాటి వచ్చాడు. కొత్త ఫోనులు పెట్టింది అతనే. మా రేవులో సగం ఆఫీసులకు అతనే పెట్టాడు. పాత కంప్యూటర్లలోని ఫైళ్లు కొత్తవాటిలోకి మార్చేదీ అతనే. నెమ్మదైన మనిషి. మా గుడి పాటబృందంలో లోతు గొంతు అతనిది.

సెమిసి కూర్చోమనలేదు. రోపాటి తనంతట తనే నేల మీద కూర్చున్నాడు. నేను వెనక గదిలో ఉన్నాను. తలుపు తీసే ఉంది.

ఆఫీసు మూసేశాక వచ్చే ఫోను ఇంట్లో మోగాలి, ఏ వేళయినా మోగాలి అని కాగితం మీద రాసిచ్చానా లేదా అని సెమిసి అడిగాడు. రాసిచ్చారన్నాడు రోపాటి.

“మరి ఆరుంబావు నుంచి ఆరుముప్పావు దాకా మోగకుండా ఎవరు పెట్టమన్నారు?”

ఐసు గది మోటారు చప్పుడు వినిపించింది.

“నేనే పెట్టానన్నా. ప్రార్థన వేళ కదా అని.”

“ఓహో. మాకు భక్తి తక్కువైందని నువ్వు నేర్పడానికొచ్చావు. పైగా ఫోను చేసినవాళ్లకు వినిపించేట్టు అక్క చేత ఆ నాలుగు మాటలు చెప్పించి పెట్టావు అందులో. ఆవిడకేం తెలుసు? నువ్వు చదవమన్నావు, చదివింది.”



ఏడింటికి అక్క చూస్తే మెసేజ్ లేదు, బుధవారం పొద్దున ఎక్కణ్నుంచి ఊడిపడిందని సెమిసి అడిగాడు. మంగళవారం పాత కంప్యూటర్లోంచి ఫైళ్లు మారుస్తున్నానని, దారిలో ఎక్కడో ఆగిపోయి ఉంటుందని రోపాటి అన్నాడు. తన గోళ్లు చూసుకుంటూ అన్నాడు.

సెమిసి ఒక్కసారి నా గదివైపు చూశాడు. అడగలేదు. మా ఇళ్లల్లో తమ్ముడు అక్కను అలా నిలబెట్టి అడగడు. అక్క మాట మీద ఇంకో మాట వేయడు.

నన్ను ఎవరూ అడగలేదు.

జూలై 22, ఆదివారం

గుడిలో రోపాటి పాటబృందంలో లేడు. వెనక బల్ల మీద భార్య పక్కన కూర్చున్నాడు.

పాస్టరుగారు మతౌ ఇంటివాళ్లకోసం ప్రార్థించారు. నేను కళ్లు మూసుకోలేదు.

జూలై 23, సోమవారం

ప్రార్థన వేళ ఫోను మోగకుండా చేయమని నేను రోపాటిని అడగలేదు. మోగకపోతే ఎంత బాగుంటుందో అన్నాను. అంతే.

అంతే కాదు. ఇక్కడైనా సరిగ్గా రాయాలి.

చీకటి పడే వేళ గంట కొట్టగానే ఊరంతా ఎక్కడివాళ్లక్కడ ఆగిపోతారు. దారిలో మనిషి కనపడడు. ప్రతి ఇంట్లో అందరూ చాపల మీద గుండ్రంగా కూర్చుంటారు. కీర్తన, వాక్యం, ప్రార్థన. మా ఇంట్లోనూ అంతే, నేను తప్ప. పడవలు సరిగ్గా ఆ వేళకే తిరిగొస్తాయి, రాకపోతే ఇళ్లవాళ్లకు కంగారు పుట్టేదీ ఆ వేళకే. అందుకని ఒకరు ఫోను దగ్గర ఉండాలన్నాడు నాన్న. నాకప్పుడు ఇరవై ఆరు. “నీ ప్రార్థన ఆ ఫోనే సిలిపా,” అన్నాడు. అలా ముప్ఫై ఒక్క ఏళ్లు గోడకు ఇవతల కూర్చున్నాను. కీర్తన అవతలినుంచి వినిపించేది. నా వంతు గొంతు నేను ఇటునుంచి చిన్నగా కలిపేదాన్ని. అది వాళ్లకు వినపడేది కాదు.

నాన్న పోయి తొమ్మిదేళ్లయింది. ఆ కుర్చీలో నన్ను ఇంకా కూర్చోబెడుతున్నది ఎవరో నాకు తెలియదు. ఎవరినీ అడగలేదు.

రోపాటి ఫోనులు అమరుస్తున్న రోజు, పదో తారీఖున, సెమిసి ఊళ్లో లేడు. ఈ ఫోను అరగంటపాటు మోగకుండా, ఎవరైనా చేస్తే వాళ్ల మాట దాచిపెట్టగలదా అని అడిగాను. అదెంత పని అక్కా అన్నాడు. అయితే ఆరుంబావు నుంచి ఆరుముప్పావు దాకా అలా పెట్టు అన్నాను. అతను స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

“దాచిన మాట ఎవరు వింటారక్కా?”

“నేను. ఏడింటికల్లా వింటాను.”

“అన్నకు తెలుసా?”

“నేను చెప్తాలే.”

అతని దగ్గర ఒక కాగితం ఉంటుంది. ఏ మార్పు చేసినా చేయమన్నవాళ్లు అందులో సంతకం పెట్టాలి. ఐసు గదివాళ్ల చేత పెట్టించుకున్నాడు, లెక్కల గుమాస్తా చేత పెట్టించుకున్నాడు. ఆ కాగితం బల్ల మీదే ఉంది. నా ముందుకు జరపలేదు. పెద్దక్క నోటిమాట చాలకపోతే ఇంకేం చాలుతుంది అనుకుని ఉంటాడు. నేను ఆ కాగితం చూశాను. నేనూ జరుపుకోలేదు.

తరువాత నా గొంతు ఫోనులోకి రికార్డు చేసుకున్నాడు. అతను చదవమన్న మాటలు కావు అవి. నేనే అనుకుని చెప్పాను. “ఇది మా ప్రార్థన వేళ. మీ మాట చెప్పండి. నేను వింటాను.”

సెమిసికి చెప్పలేదు. చెప్దామనే అనుకున్నాను.

జూలై 24, మంగళవారం

పాత కంప్యూటర్ ఇంకా మూలనే ఉంది. దాని మీద గుడ్డ కప్పాను.

జూలై 25, బుధవారం

ఫాలేతాయి వెళ్లాం. మతౌను వాళ్ల ఇంటి ముందే, ఆయన భార్య సమాధి పక్కన పెట్టారు. మేం చాపలు, ఆహారం పట్టుకెళ్లాం. పుచ్చుకున్నారు. మర్యాదగా కూర్చోబెట్టారు. సెమిసి వాళ్ల పెద్దలతో మాట్లాడాడు. ఫోను పెట్టినవాడి తప్పు జరిగిందని, కంపెనీ తలదించుకుంటోందని చెప్పాడు. అతను నమ్మిందే చెప్పాడు.

ఊయిలి మొహం మాడిపోయి, పెదవులు పగిలి ఉన్నాయి. నన్ను చూసి లేవబోయాడు. కూర్చోమన్నాను.

పెపే నా చెయ్యి పట్టుకుని తన పక్కన చాప మీద కూర్చోబెట్టుకుంది. వదల్లేదు. ఆమె చెయ్యి చిన్నది, వేడిగా ఉంది.

“మా మరిది పోలీసులకు చేద్దామన్నాడక్కా. నేనే వద్దన్నాను. సిలిపా అక్కకు చెప్పాను, ఈపాటికి పడవ బయల్దేరే ఉంటుంది, ఊరికే వాళ్లను విసిగించకు అన్నాను. అక్క ఏనాడైనా వినకుండా ఉందా అన్నాను.”

ఆమె నా చెయ్యి తన ఒళ్లోకి లాక్కుంది.

“పొద్దున దాకా గుమ్మంలో అలాగే కూర్చున్నాను. నీకు మళ్లీ చేద్దామంటే కూడా మనసొప్పలేదు. ఆ పనిలోనే ఉంటావు కదా, అడ్డం వస్తానని.”

అందరూ ఏడుస్తున్నారు కాబట్టి నా ఏడుపు ఎవరికీ వింతగా తోచలేదు.

నన్ను ఎవరూ అడగలేదు. ఆమె కూడా అడగలేదు.

జూలై 26, గురువారం

రోపాటి వచ్చాడు. మిగిలిన ఫైళ్లు మార్చేసి, తాళాలు అప్పజెప్పి పొమ్మన్నాడు సెమిసి. ఇంకో మనిషి దొరికేదాకా ఫోనులు ఉన్నవి ఉన్నట్టు ఉంటాయి. ఆరుంబావుకు ఫోను మోగకుండా పెట్టిన ఏర్పాటు మాత్రం సెమిసి ఆ బుధవారమే తీయించేశాడు. అప్పటినుంచీ ఆ వేళకు మళ్లీ నేనే ఫోను దగ్గర కూర్చుంటున్నాను. ఒక్కసారి కూడా మోగలేదు.

రేవులో ఇంకో రెండు ఆఫీసులు రోపాటిని రావద్దన్నాయని లంగి చెప్పింది. సిమెంటు కొట్టువాడైతే పదిమంది ముందు అన్నాడట. “నీ ఫోను పెట్టించుకున్నవాడు ముందు సమాధి తవ్వించుకోవాలి.” అందరూ నవ్వారట. రోపాటి కూడా తల ఊపాడట.

అతను పాత కంప్యూటర్ మీది గుడ్డ తీసి మడతపెట్టి పక్కన పెట్టాడు. ఫైళ్లు ఒక్కొక్కటే కొత్తదానిలోకి వెళ్తుంటే చూస్తూ కూర్చున్నాడు. నేను కోకో ఇచ్చాను. తాగాడు. గదిలో ఎవరూ లేరు.

“ఆ మెసేజ్ కూడా ఇందులో ఉందా?” అన్నాను.

“ఇందులో లేదక్కా. అది మొదటినుంచీ కొత్తదానిలోనే ఉంది.” కప్పు అటూ ఇటూ తిప్పాడు. “ప్రతి ఫైలు మీదా రాసి ఉంటుంది. ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు తెరిచారో.”

“ఏం రాసి ఉంది?”

అతను కప్పులోకి చూశాడు. “మంగళవారం ఆరూ ఇరవై నాలుగుకు వచ్చింది. నీ ఫోల్డర్లోకే. బుధవారం ఎనిమిదీ అయిదుకు తెరిచారు.”

“నీకెప్పుడు తెలుసు?”

“బుధవారమే చూశాను.”

అంటే శనివారం నేల మీద కూర్చుని గోళ్లు చూసుకుంటున్నప్పుడు అతనికి తెలుసు. ఎందుకు చెప్పలేదని అడిగాను. మొదట నవ్వి ఊరుకున్నాడు. మళ్లీ అడిగాను.

“మా నాన్న పడవ రానప్పుడు నాకు పదమూడేళ్లక్కా. అమ్మ పక్కింటి ఫోను పట్టుకుని కూర్చుంది. నువ్వు అర్ధగంటకోసారి చేశావు. ఏ పడవ ఎటు వెళ్లిందో, ఎవరు వెతుకుతున్నారో చెప్తూ ఉన్నావు. ఏమీ లేనప్పుడు ఏమీ లేదనే చెప్పావు. అమ్మ ఇప్పటికీ అంటుంది, సిలిపాయే నాన్నని ఆ ఫోనులోంచి ఇంటికి తెచ్చిందని.” కప్పు కింద పెట్టాడు. “నాకు ఇంకో ఊళ్లో పని దొరుకుతుంది. నీకు ఇంకో పేరు ఎక్కణ్నుంచొస్తుంది?”

నేను అప్పుడే లేచి సెమిసి దగ్గరకు వెళ్లి ఉండాల్సింది. అయిదడుగుల దూరం. రోపాటి తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయేదాకా ఆ కప్పు పట్టుకుని నిలబడ్డాను.

జూలై 27, శుక్రవారం

ఆ మంగళవారం ఏడింటికి చూడలేదు.

రాశాను. ఇక మిగతాది రాయగలను.

ఆ రోజు అందరితో కలిసి ప్రార్థనలో కూర్చోవడం నాకు ఏడోసారి. లంగి పక్కకు జరిగి చోటిచ్చింది. మొదటి రోజయితే పిల్లలు నన్ను వింతగా చూశారు. “అత్తయ్యా, నీకు కీర్తనలు వచ్చా?” అని సెమిసి చిన్న కూతురు అడిగింది. అందరికంటే నాకే ఎక్కువ వచ్చు.

మంగళవారం మంచి కీర్తన పడింది. నా గొంతు వాళ్ల గొంతుల్లో కలుస్తుంటే విన్నాను. ఆమెన్ అయ్యాక సెమిసి భార్య ఇంకోటి పాడదామంది, పాడాం. అంతలో పాస్టరమ్మ కొబ్బరిపాలలో ఉడికించిన సీమపనస తెచ్చింది. అందరం తిన్నాం. నవ్వుకున్నాం. లంగి పాస్టరుగారి దగ్గును అనుకరించి చూపించింది, పాస్టరమ్మే పొట్ట పట్టుకుని నవ్వింది. ఏడయింది. గడియారం చూశాను. చూశాను కాబట్టి మరిచిపోయానని చెప్పుకోలేను. లేచి ఆఫీసులోకి వెళ్లాలని తెలుసు. ఇరవై అడుగులు. ఏముంటుందిలే అనుకున్నాను. ఆ ఏడు రోజుల్లో వచ్చినవి రెండే మెసేజ్‌లు, రెండూ ఐసు ధర అడిగినవి. ఈ ఒక్క సాయంత్రం వీళ్ల మధ్యలోంచి లేవను అనుకున్నాను. ఆ మాట మనసులో స్పష్టంగా అనుకున్నాను.

అప్పుడు నాకు ఎంతో సంతోషంగా ఉంది. అన్నింటికంటే అది రాయడానికే చెయ్యి రావడంలేదు.

ఆ సంతోషంలో నేను సీమపనస రెండో ముక్క అందుకుంటున్నప్పుడు పెపే గుమ్మంలో కూర్చుని ఉంది. మతౌ పడవలో ఉన్నాడు. నేను పడవ పంపి ఉంటానని అక్కడ ఆయనా చెప్పుకుని ఉంటాడు.

ప్రభువా, నేను చూడలేదు. చూశానని చెప్పాను.

జూలై 28, శనివారం

లంగి బజారునుంచి వచ్చి, టారో దుంపల బుట్ట దించకుండానే చెప్పింది. సోమవారం తెల్లవారుజామున రోపాటి వాళ్లు ఫాలేతాయికి ఇఫొంగాకు వెళ్తున్నారట. రోపాటి, అతని పెదనాన్న, అన్నదమ్ములు. మొగలాకు సన్నచాప తల మీద కప్పుకుని, వెలుగు రాకముందే మతౌ ఇంటి ముందు నేల మీద కూర్చుంటారు. ఆ ఇంటివాళ్లు బయటికొచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే ఎండలోనైనా వానలోనైనా అలాగే కూర్చోవాలి. కడుపుమంట మీద ఉన్నవాళ్లు రాళ్లు వేసినా కదలకూడదు.

ఇంత ఆలస్యంగానా అని ఊళ్లో చెప్పుకుంటున్నారట. వాళ్ల ఇంట్లో ఒప్పుకోలేదట, ఫోను ఆగిపోతే మనిషి చచ్చిపోయాడని చాప కప్పుకోవడమేంటని. రోపాటే పట్టుబట్టాడట.

“పాపం వాళ్ల పెదనాన్నకు డెబ్బై దాటాయక్కా. ఆయన నేల మీద కూర్చుంటే మళ్లీ లేపడానికి ఇద్దరు కావాలి,” అంది లంగి.

నేను టారో చెక్కు తీయడం మొదలుపెట్టాను. లంగి నా చేతులవైపు చూసింది.

“నీకేమైందక్కా? తొక్క గిన్నెలో వేసి దుంప పారేస్తున్నావు.”

ఇదీ నన్ను అడగడమే. అయినా ఏమీ లేదన్నాను.

మధ్యాహ్నం బీరువా పక్కనున్న పలకను ఇటు తిప్పాను. ఊయిలి పడవ బిళ్ల కుడి మేకుకే ఉంది. ఆ మంగళవారం దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆ పలక లెక్కన వాళ్లు వేటకు వెళ్లనేలేదు.

జూలై 29, ఆదివారం

పొద్దున గుడి, మధ్యాహ్నం అందరి భోజనం. నేను ఉపవాసమని చెప్పాను. ఎవరూ ఏమీ అనలేదు, నేను అప్పుడప్పుడూ ఉంటాను.

గంట కొట్టారు. నేను ఫోను దగ్గరకు వెళ్లలేదు. లంగిని పంపాను. నేను వెళ్లి నాన్న కుర్చీ ఉన్న వైపు చాప మీద కూర్చున్నాను. సెమిసి నన్ను చూసి కీర్తన మొదలుపెట్టాడు. నేను పాడలేదు. వాక్యం అయ్యాక, ప్రార్థన మొదలుపెట్టకముందు, ఒక మాట చెప్పాలన్నాను. పిల్లల్ని పంపించనా అంది సెమిసి భార్య. ఉండనివ్వమన్నాను. ఆఫీసు తలుపు తీసే ఉంది, లంగికి కూడా వినపడుతుంది.

మూడు మాటలు చెప్పాను. ఆరుంబావునుంచి ఫోను మోగకుండా పెట్టమన్నది నేను. ఆ మాటలు నా అంతట నేను చెప్పినవి. ఏడింటికి నేను చూడలేదు.

ఇంతకంటే ఎక్కువ చెప్పలేదు. సంతోషం సంగతి చెప్పలేదు.

సెమిసి చాలాసేపు చాప అల్లికవైపు చూస్తూ కూర్చున్నాడు. అతని మెడ మీద నరం కదులుతోంది. చిన్నప్పుడు కొట్టబోయే ముందు అలాగే కదిలేది, ఎప్పుడూ నన్ను కాదు.

“వాణ్ని నేల మీద కూర్చోబెట్టి మాట్లాడాను,” అన్నాడు చివరికి. “నువ్వు లోపల వింటున్నావు.”

“విన్నాను.”

“ఫాలేతాయిలో అంతమంది పెద్దల ముందు వాడి పేరు చెప్పాను.”

“చెప్పావు.”

“నీ మాట మీదక్కా. నీ మాట కాబట్టి రెండోసారి ఆలోచించలేదు.”

ఆఫీసులో లంగి ఏడుపు వినపడింది. సెమిసి చిన్న కూతురు వచ్చి నా మోకాలి మీద చెయ్యి వేసింది. వాళ్లమ్మ పిలిచినా వెళ్లలేదు.

తరువాత ఇల్లంతా మాట్లాడుకున్నాం. ఏం నిర్ణయించామో రాస్తున్నాను.

రేపు నాలుగింటికి ముందు రోపాటి ఇంటికి వెళ్తాం, వాళ్లు బయలుదేరకముందే. సెమిసి ముందు రోపాటికీ, తరువాత వాళ్ల పెదనాన్నకూ తల వంచుతాడు. ఫాలేతాయి నుంచి తిరిగొచ్చాక గుడి దగ్గరా, రేవులో ప్రతి ఆఫీసులోనూ, సిమెంటు కొట్టుతో సహా, తనే వెళ్లి అసలు సంగతి చెప్తాడు. అది తన పని అన్నాడు.

రోపాటి ఇంటినుంచి నేరుగా ఫాలేతాయికి. చాప కప్పుకునేది మేమే, రోపాటి వాళ్లు కాదు. అమ్మ నాకోసమని నాలుగేళ్లు అల్లి, నా పెళ్లికని దాచిన సన్నచాప నా పరుపు కింద ఉంది. అది తీశాను. మడతల దగ్గర మాత్రం రంగు మారింది.

చాప కిందకు నువ్వు రాకూడదన్నాడు సెమిసి. “అక్కను నేల మీద కూర్చోబెట్టి తమ్ముడు నిలబడతాడా? నేను కూర్చుంటాను. నువ్వు బండిలో ఉండు.” ఆ మాట దగ్గర చర్చ చాలాసేపు ఆగింది. పెపే ఎవరికి ఫోను చేసిందో ఆ మనిషే అక్కడ ఉండాలన్నాను. చివరికి ఇద్దరం ఉండేట్టు నిర్ణయమయింది. చాప ఎత్తేదాకా ఎవరం లేవం. ఎత్తకపోతే మంగళవారం కూడా వెళ్తాం.

ఫోనులోని నా మాటలు తుడిచేయాలని లంగి అంది. అందరూ సరేనన్నారు. పలక మళ్లీ గోడకు తగిలించాలి, బిళ్లలు మార్చాలి, కంప్యూటర్లో ఏమున్నా సరే. దానికీ సరేనన్నారు.

ఆఖరున సెమిసి ఇంకొకటి చెప్పాడు. నావైపు చూడకుండా, పిల్లలకు చెప్తున్నట్టు చెప్పాడు. ఇకమీదట సాయంకాలం ఫోను దగ్గర లంగి కూర్చుంటుంది. అక్క అందరితో కలిసి చాప మీద కూర్చుని పాడుతుంది.

నేను కాదనలేదు.